‘రియర్ విండో’ను నిశితంగా చూడటం ఎలా: తొంగిచూపుకూ ఉత్కంఠకూ ఉన్న ముడి

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1954లో తీసిన ‘రియర్ విండో’ కథను రెండు వాక్యాల్లో చెప్పేయవచ్చు. కాలు విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన జెఫ్ అనే పత్రికా ఫోటోగ్రాఫర్, న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో తన గది వెనుక కిటికీలోంచి ఇరుగుపొరుగు ఇళ్లలోకి చూస్తూ కాలక్షేపం చేస్తుంటాడు. ఎదురింట్లోని థోర్వాల్డ్ అనే సేల్స్‌మన్ తన భార్యను చంపాడని అతనికి అనుమానం వస్తుంది, చివరికి ఆ అనుమానమే నిజమని తేలుతుంది. ఇంత చిన్న కథ 112 నిమిషాల పాటు మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టడానికి కారణం కథలో దొరకదు. ఏ క్షణంలో ఎవరికి ఎంత కనిపించాలి, ఎవరికి ఎంత తెలియాలి అన్న విషయంలో దర్శకుడు పాటించిన పొదుపులో దొరుకుతుంది. ఆ పొదుపును షాట్ షాట్‌కూ పట్టుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. ముగింపుతో సహా అన్నీ ప్రస్తావనకు వస్తాయి కాబట్టి, సినిమా ఇంకా చూడనివారు ముందుగా చూసి, ఆ తర్వాత ఇది చదవడం మంచిది.

మొదటిసారి ఎలా చూడాలి

మొదటిసారి చూసేటప్పుడు ఏమీ రాసుకోవద్దు. మధ్యలో ఆపవద్దు, వెనక్కి తిప్పవద్దు. వీలైనంత పెద్ద తెర మీద, గది చీకటిగా ఉంచుకుని చూడండి. ఈ జాగ్రత్త ఆడంబరం కోసం కాదు. ఈ సినిమాలో ముఖ్యమైన సంగతులు చాలావరకు దూరంగా, చిన్న చిన్న కిటికీల్లో, ఎవరి మాటా వినపడని స్థితిలో జరుగుతాయి. ఫోన్ తెర మీద చూస్తే ఆ కిటికీలు అగ్గిపెట్టెలంత కూడా ఉండవు, కళ్లు చికిలించి వెతుక్కునే అవసరమూ ఆ వెతుకులాటలోని ఆసక్తీ రెండూ పోతాయి. పారమౌంట్ స్టూడియోలో ఈ చిత్రం కోసం 31 అపార్ట్‌మెంట్లతో ఒక పెరటి ప్రాంగణం మొత్తాన్ని సెట్‌గా వేశారు. అంత ఎత్తు చాలకపోవడంతో స్టూడియో నేలను తొలగించి, కింది అంతస్తును ప్రాంగణంగా మార్చారు. దూరపు కిటికీల్లో నటిస్తున్నవారికి దర్శకుడు జెఫ్ గది వైపు నుంచే, వారి చెవుల్లో అమర్చిన చిన్న రేడియో పరికరాల ద్వారా సూచనలు ఇచ్చేవాడు. అంటే ఆ నటులను దర్శకుడు కూడా జెఫ్ చూసినట్టే, ఇవతలి ఒడ్డున కూర్చుని చూశాడన్నమాట.

చూడటం పూర్తయ్యాక ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు రాసి పెట్టుకోండి: థోర్వాల్డ్ నిజంగా హత్య చేశాడని మీకు ఎప్పుడు నమ్మకం కుదిరింది, మధ్యలో ఆ నమ్మకం ఎప్పుడు సడలింది? రెండోసారి చూసేటప్పుడు ఈ జవాబు బాగా పనికివస్తుంది, ఎందుకంటే ఆ ఎగుడుదిగుడులు మీ స్వభావాన్ని బట్టి వచ్చినవి కావు, మీ కోసం ముందే లెక్కగట్టి పెట్టినవి.

మొదటి నిమిషాలను విడిగా పరిశీలించడం

రెండోసారి చూడటం మొదలుపెట్టాక, పేర్లు పడే ఘట్టం నుంచి జెఫ్‌కు ఫోన్ మోగే వరకు ఉన్న భాగాన్ని రెండు మూడుసార్లు తిప్పి చూడండి. పేర్లు పడుతుండగా వెదురు తెరలు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే పైకి లేస్తాయి. వాటిని లేపే చెయ్యి కనిపించదు. తర్వాత కెమెరా కిటికీలోంచి బయటికి చూసి, ప్రాంగణం చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్లీ గదిలోకి వచ్చి, చెమట పట్టిన జెఫ్ ముఖం దగ్గర ఆగుతుంది. ఆ సమయంలో జెఫ్ కిటికీకి వీపు పెట్టి నిద్రపోతున్నాడన్న విషయం గమనించాలి. కెమెరా మళ్లీ బయటికి వెళ్లి గడ్డం గీసుకుంటున్న సంగీతకారుణ్ణి, వేడికి తాళలేక బయటి ఇనుప మెట్ల వేదిక మీద పడుకున్న దంపతులను, బట్టలు వేసుకుంటున్న నర్తకిని చూపిస్తుంది. వీరిలో ఎవరినీ అప్పటికి జెఫ్ చూడటం లేదు. చూస్తున్నది మనం.

ఈ చిత్రం గురించి రాసేవారిలో చాలామంది జెఫ్ తొంగిచూస్తాడు, అతనితో పాటు మనమూ తొంగిచూస్తాం అని రాస్తారు. వరుస తారుమారైంది. ముందు మనం చూశాం, అదీ ఏ కారణమూ సాకూ లేకుండా. జెఫ్ తర్వాత కళ్లు తెరిచాడు. అతనికైనా కాలు విరిగిందన్న సాకు ఉంది.

అదే ఘట్టం చివర్లో కెమెరా జెఫ్ కాలి కట్టు మీది రాతను, విరిగిన కెమెరాను, గోడ మీద ఎగిరివస్తున్న రేసుకారు చక్రపు ఫోటోను, తర్వాత ఒక స్త్రీ ముఖపు నెగటివ్‌ను, దాని పక్కనే అదే ముఖంతో అచ్చైన పత్రికల దొంతరను చూపిస్తుంది. ఎవరూ ఒక్క మాటా మాట్లాడకుండానే అతని వృత్తి, ప్రమాదం ఎలా జరిగింది, అతని జీవితంలో సాహసానికీ సొగసుకూ మధ్య ఉన్న పేచీ, అన్నీ తెలిసిపోతాయి. ఒకసారి శబ్దం ఆపేసి చూస్తే ఇది మరింత బాగా అర్థమవుతుంది.

మూడు గడుల కాగితం

ఇప్పుడు కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఎవరు చూస్తున్నారు, దేనితో చూస్తున్నారు అని రాయాలి. రెండో గడిలో వారికి కనిపించినది ఏమిటో రాయాలి. మూడో గడిలో మనకు తెలిసి వారికి తెలియనిది, లేదా వారికి తెలిసి మనకు తెలియనిది ఏదైనా ఉంటే రాయాలి. ప్రతి షాట్‌కూ రాయనక్కర లేదు. ఘట్టానికి ఒక వరుస చాలు.

మొదటి గడి నిండుతుండగా ఒక మెట్ల వరుస బయటపడుతుంది. జెఫ్ ముందు ఉత్త కళ్లతో చూస్తాడు, అనుమానం మొదలయ్యాక బైనాక్యులర్స్ అందుకుంటాడు, అది చాలక పొడవాటి టెలిఫోటో లెన్స్ బిగించిన కెమెరాను ఒళ్లో పెట్టుకుంటాడు. ఆ కెమెరాతో అతను థోర్వాల్డ్ ఇంటి ఫోటో ఒక్కటి కూడా తీయడు. ఫోటోగ్రాఫర్ చేతిలో ఉన్న కెమెరా సాక్ష్యం సేకరించే పని మానేసి, కేవలం దగ్గరగా చూసే గొట్టంగా మిగిలిపోవడం ఈ చిత్రంలోని గడుసైన సంగతుల్లో ఒకటి. మొదట్లో ఇంటికి వచ్చి చూసుకునే బీమా కంపెనీ నర్సు స్టెల్లా అతణ్ణి మందలిస్తుంది. జనం అంతా చాటు నుంచి తొంగిచూసే జాతిగా మారిపోయారనీ, అప్పుడప్పుడు తమ ఇంటి బయట నిలబడి లోపలికి చూసుకోవడం మంచిదనీ అంటుంది. అదే స్టెల్లా తర్వాత అతని దగ్గర ఆ లెన్స్‌ను అడిగి తీసుకుని చూస్తుంది. జెఫ్ ప్రియురాలు లీసా కూడా ముందు అసహ్యించుకుని, తర్వాత అతని పక్కనే చేరుతుంది. ఎవరు ఏ ఘట్టంలో ఎటు ఒరిగారో మొదటి గడిలో తేదీలు వేసినట్టు కనిపిస్తుంది.

మూడో గడి చాలాసేపు ఖాళీగా ఉంటుంది. మనకు తెలిసినది జెఫ్‌కు తెలిసినంతే. హత్య మనకు చూపించరు. రాత్రి ఒక స్త్రీ కేక, గాజు పగిలిన చప్పుడు, ఆ తర్వాత వానలో థోర్వాల్డ్ తన సరుకుల పెట్టె పట్టుకుని పదే పదే బయటికి వెళ్లి రావడం మాత్రం ఉంటాయి. ఆ తెల్లవారుజామున జెఫ్ నిద్రలోకి జారుకున్నప్పుడు మాత్రం కెమెరా మెల్లగా కిటికీ వైపు తిరుగుతుంది. థోర్వాల్డ్ నల్లటి దుస్తుల్లో ఉన్న ఒక స్త్రీతో కలిసి ఇంట్లోంచి బయటికి వెళుతూ కనిపిస్తాడు. కెమెరా మళ్లీ నిద్రపోతున్న జెఫ్ మీదికి వస్తుంది.

ఈ షాట్ దగ్గర ఆగి కాసేపు ఆలోచించండి, సినిమా మొత్తానికి ఇది ఇరుసు. హత్య చేసిన రాత్రి గడిచాక అతను ఒక స్త్రీతో బయటికి వెళ్లాడంటే, ఆమె అతని భార్యే అయితే జెఫ్ వాదన అంతా కూలిపోతుంది. తెల్లవారాక జెఫ్ నమ్మకంగా మాట్లాడుతున్న ప్రతిసారీ మన దగ్గర ఒక ఎదురు సాక్ష్యం ఉంటుంది. డిటెక్టివ్ డోయల్ వచ్చి, ఆ దంపతులు కలిసి వెళ్లడం చూసినవారు ఉన్నారని చెప్పినప్పుడు జెఫ్ నమ్మడు, కానీ మనం కొట్టిపారేయలేం. మనం చూశాం కదా. హంతకుడు దొరుకుతాడా అన్న ఉత్కంఠ మీద, అసలు జెఫ్ కళ్లను నమ్మవచ్చా అన్న రెండో ఉత్కంఠను ఇలా పేర్చారు. రెండో పొర లేకపోతే సినిమా మధ్యభాగం ఖచ్చితంగా చప్పబడి ఉండేది. డోయల్ సంభాషణలు అక్కడక్కడ సమాచారం చదివి వినిపించినట్టు ఉంటాయి, అవి నడవడానికి కారణం కూడా ఈ షాటే.

హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణల్లో ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ తేడా చెప్పాడు: బల్ల కింద బాంబు ఉందని ముందుగా చెప్పకుండా పేల్చితే ప్రేక్షకుడికి కొన్ని క్షణాల ఆశ్చర్యం దక్కుతుంది, బాంబు ఉందని ముందే చెప్పి ఆ బల్ల దగ్గర కూర్చున్నవారిని తీరుబడిగా మాట్లాడుకోనిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ దక్కుతుంది. ఈ సూత్రాన్ని తెలిసినవారు అన్నిచోట్లా అతికిస్తుంటారు. ‘రియర్ విండో’లో ఎక్కువ భాగానికి అది సరిపోదు, ఎందుకంటే బల్ల కింద బాంబు ఉందో లేదో కూడా చాలాసేపు ఎవరికీ తెలియదు.

చూపు, వస్తువు, ముఖం

సినిమాలో ఎక్కడైనా ఒక చిన్న ముక్క తీసుకోండి, కొన్ని షాట్లు చాలు. జెఫ్ ఎటో చూస్తాడు. అతను చూసినది మనకు చూపిస్తారు. మళ్లీ అతని ముఖం. ఈ మూడు షాట్ల దారంతోనే చిత్రం అంతా కుట్టారు. మూడో షాట్ రాగానే బొమ్మను ఆపి, ఆ ముఖాన్ని మాత్రమే చూసి, అందులో ఉన్న భావం ఏమిటో చెప్పడానికి ప్రయత్నించండి. చాలాసార్లు జెఫ్‌గా నటించిన జేమ్స్ స్టువర్ట్ ముఖంలో దాదాపు ఏమీ ఉండదు. మనం చదివిన భావం రెండో షాట్ నుంచి వచ్చి అక్కడ వాలింది. త్రుఫోతో హిచ్‌కాక్ ఈ చిత్రాన్నే ఉదాహరణగా తీసుకుని ఇదే చెప్పాడు: బుట్టలో కిందికి దిగుతున్న కుక్కపిల్లను చూపించి తర్వాత స్టువర్ట్ చిరునవ్వు చూపిస్తే అతను దయగల మనిషిగా కనిపిస్తాడు, కుక్కపిల్ల స్థానంలో కిటికీ దగ్గర అర్ధనగ్నంగా కసరత్తు చేస్తున్న అమ్మాయిని పెడితే, అదే చిరునవ్వు చపలచిత్తుడైన ముసలివాడిదైపోతుంది.

తొంగిచూపు మీద నైతిక చర్చ చేయాలనుకునేవారు దీన్ని దాటి వెళ్లకూడదు. జెఫ్ బుద్ధి ఎలాంటిదో అని మనం తీర్పు చెబుతున్నప్పుడు, ఆ తీర్పులో సగం ఎడిటర్ జార్జ్ తొమాసినీ కత్తెర పని.

శబ్దాన్ని విడిగా వినడం

ఒక పది నిమిషాల భాగాన్ని తెరకు వీపు పెట్టి వినండి. ఫ్రాంజ్ వాక్స్‌మన్ సంగీతం పేర్ల దగ్గర మోగిన తర్వాత, మనం వినే పాటలూ బాణీలూ దాదాపు అన్నీ ప్రాంగణంలోని రేడియోల నుంచో, సంగీతకారుడి పియానో నుంచో వస్తున్నవే. భయపడమని చెప్పే నేపథ్య సంగీతం లేదు. ఎదురింటి మాటలు మనకు వినపడకుండా, వీధి రద్దీ, పిల్లల కేకలు, ఓడ కూతలు మాత్రం వినపడతాయి. కాబట్టి కిటికీలో భార్యాభర్తలు చేతులు ఊపుతూ పోట్లాడుకుంటుంటే మాటలు మనమే పూరించుకోవలసి వస్తుంది. జెఫ్ కూడా అదే చేస్తున్నాడు.

గది దాటిన కెమెరా

కెమెరా జెఫ్ గదిని నిజంగా వదిలి వెళ్లే చోటును గుర్తు పెట్టుకోండి. చివరి ఘట్టాన్ని మినహాయిస్తే అలాంటి చోటు ఒక్కటే చెప్పుకోదగినది: పై అంతస్తు దంపతుల కుక్కను ఎవరో చంపిన రాత్రి. దానికి కాస్త ముందు నుంచి చూడండి. హత్య జరగలేదని డోయల్ తేల్చి చెప్పి వెళ్లిపోయాడు. జెఫ్, లీసా ఇద్దరూ ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. ఒక మనిషి తన భార్యను చంపలేదని తెలిసినందుకు మనం ఇంత నిరాశపడుతున్నామేమిటని లీసా అడుగుతుంది. ఆ ప్రశ్న హాల్లో కూర్చున్న వారందరికీ తగులుతుంది, ఎందుకంటే ఆ క్షణంలో ప్రేక్షకుడి నిరాశ కూడా అదే. ఆమె లేచి, ఈ రాత్రికి ప్రదర్శన అయిపోయిందంటూ కిటికీ తెరలు దించేస్తుంది.

అప్పుడు కేక వినిపిస్తుంది. తెరలు మళ్లీ లేస్తాయి. కెమెరా ప్రాంగణంలోకి దిగి, అంతవరకు దూరపు బొమ్మలుగా ఉన్న మనుషులను దగ్గరగా, వారి ఎత్తులో చూపిస్తుంది. కుక్కను పోగొట్టుకున్న స్త్రీ, ఇరుగుపొరుగు అన్న మాటకు మీలో ఎవరికీ అర్థం తెలియదని అందరినీ నిలదీస్తుంది. రోజుల తరబడి వాళ్లందరినీ చూస్తున్న జెఫ్‌కు వారిలో ఒక్కరితోనూ పరిచయం లేదు. అందరూ కిటికీల దగ్గరికి వచ్చినా ఒక్క ఇల్లు మాత్రం చీకటిగా ఉంటుంది. ఆ చీకట్లో పొగతాగుతున్న ఎవరిదో నిప్పు వెలిగి మసకబారుతుంది. అనుమానం తిరిగి ప్రాణం పోసుకోవడానికి ఆ నిప్పు రవ్వ చాలింది.

ఉంగరం ఘట్టాన్ని షాట్ల వారీగా చదవడం

ఎక్కువ సమయం కేటాయించవలసింది ఇక్కడే. జెఫ్ ఒక అబద్ధపు ఫోన్‌తో థోర్వాల్డ్‌ను ఇంట్లోంచి బయటికి పంపిస్తాడు. లీసా ఇనుప మెట్లు ఎక్కి కిటికీలోంచి ఆ ఇంట్లోకి దూరుతుంది. అంతవరకు ప్రేక్షకురాలిగా ఉన్న మనిషి బొమ్మలోకి నడిచి వెళ్లిపోయింది. ఇవతల జెఫ్ ఎంత అరిచినా ఆమెకు వినపడదు. అదే గోడలో కింది కిటికీలో, ఒంటరితనంతో కుమిలిపోతున్న స్త్రీ నిద్రమాత్రలు ముందు పెట్టుకుని ఉత్తరం రాస్తోంది. పై కిటికీ చూడాలా, కింది కిటికీ చూడాలా? జెఫ్ కింది కిటికీని ఎంచుకుని పోలీసులకు ఫోన్ చేస్తాడు, అతను అటు చూస్తుండగానే థోర్వాల్డ్ తిరిగి వస్తాడు. బల్ల కింద బాంబు సూత్రం ఇప్పుడు అక్షరాలా వర్తిస్తుంది: హంతకుడు వరండాలో నడిచి వస్తున్న సంగతి మనకు తెలుసు, లోపల ఉన్న లీసాకు తెలియదు.

పోలీసులు వచ్చాక ఆమె వారితో మాట్లాడుతూనే, చేతులు వెనక్కి పెట్టుకుని, వేలికి తొడుక్కున్న థోర్వాల్డ్ భార్య పెళ్లి ఉంగరాన్ని జెఫ్ వైపు చూపిస్తుంది. లెన్స్‌లో ఆ వేలు నిండుగా కనిపిస్తుంది. పెళ్లంటే వెనకాడుతున్న మగవాడికి, తన వేలి మీద ఉంగరం చూపిస్తున్న ప్రియురాలు! ఒకే సైగలో హత్యకు సాక్ష్యమూ పెళ్లి ప్రస్తావనా ఇమిడిపోయాయి. థోర్వాల్డ్ ఆ వేలిని చూస్తాడు, అది ఎవరి కోసమో ఆలోచిస్తాడు, మెల్లగా తల ఎత్తి నేరుగా లెన్స్‌లోకి చూస్తాడు.

ఆ చూపు దగ్గర బొమ్మ ఆపి మూడు గడుల కాగితం తీయండి. మొదటి గడిలో తొలిసారి జెఫ్ పేరు కాకుండా థోర్వాల్డ్ పేరు రాయవలసి ఉంటుంది. చాటున ఉన్నవాడికి ఉన్న ఒకే బలం కనపడకపోవడం; అది ఈ షాట్‌తో పోయింది. జెఫ్ వెంటనే వెనక్కి జరిగి దీపం ఆర్పమంటాడు. మీరు కూడా కొంచెం వెనక్కి జరిగి ఉంటారు.

తర్వాతి ఘట్టం ఉత్కంఠ నిర్మాణానికి పాఠం లాంటిది, కానీ వివరణ పెద్దగా అక్కర లేదు. ఫోన్ మోగితే డోయల్ అనుకుని జెఫ్ అంతా చెప్పేస్తాడు, అవతల మౌనం. మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు కింద వెలుగు గీత ఆరిపోతుంది. గదిలోకి వచ్చిన థోర్వాల్డ్ రాక్షసుడిలా కాక, అలసిపోయిన మనిషిలా, నా నుంచి నీకేం కావాలని అడుగుతాడు. జెఫ్ దగ్గర జవాబు లేదు. ఫ్లాష్ బల్బులు ఒక్కొక్కటిగా వెలిగించి అతని కళ్లను మిరుమిట్లు గొలిపి ఆలస్యం చేయడమే అతనికి చేతనైన ఆత్మరక్షణ. ఆ తర్వాత జెఫ్ కిటికీలోంచి పడే షాట్ ఈనాటి కళ్లకు కాస్త అతుకుల బొంతలా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని వేళాకోళం చేయడం కంటే, ఆ పడిపోవడానికి ముందు థోర్వాల్డ్ అడిగిన ప్రశ్న దగ్గర నిలబడటం ఉపయోగం.

చదవడం, రాయడం

విమర్శ వ్యాసాలను రెండుసార్లు చూశాకే చదవండి. స్త్రీవాద సినిమా విమర్శకురాలు లారా మల్వీ 1975లో ప్రచురించిన వ్యాసం, చూసే అధికారం మగవాడిదిగానూ చూడబడే స్థానం స్త్రీదిగానూ ప్రధాన స్రవంతి సినిమా అమర్చిపెట్టిందని వాదిస్తూ ఈ చిత్రాన్ని కూడా చర్చించింది. 1988లో మరో స్త్రీవాద విమర్శకురాలు తానియా మోడ్లెస్కీ ఆ వాదనను ప్రశ్నించింది. నా వరకు రెండో పక్షానికి బలం ఎక్కువ: జెఫ్ కదల్లేడు, లీసా మెట్లెక్కి వెళుతుంది, ఎదురింట్లో భార్య మంచాన ఉండి భర్త తిరుగుతుంటే, ఇక్కడ అది తలకిందులైంది. ఆధారపడి ఉన్నది ఎవరో మీరే గీత గీసి చూసుకోవచ్చు.

కార్నెల్ వూల్‌రిచ్ 1942లో రాసిన మూలకథ దొరికితే తప్పక చదవండి. అందులో లీసా లేదు. కథకుడి కాలికి కట్టు ఉందన్న విషయాన్ని చివరి వరకు దాచిపెట్టారు. ప్రేమకథనూ స్టెల్లానూ చేర్చి, చుట్టూ ఉన్న కిటికీల్లో పెళ్లి, ఒంటరితనం, కాంక్షల రకరకాల రూపాలను నింపిన పని స్క్రీన్‌ప్లే రచయిత జాన్ మైఖేల్ హేస్, హిచ్‌కాక్‌లది. కట్టును దాచితే చివర్లో ఒక ఆశ్చర్యం మిగులుతుంది. మొదటి షాట్లలోనే చూపిస్తే, తలుపు చప్పుడైన ప్రతిసారీ ఇతను లేవలేడన్న భయం మిగులుతుంది.

మీరు విశ్లేషణ రాయదలిస్తే సినిమా అంతటినీ ఎత్తుకోవద్దు. మూడు నిమిషాల ముక్క ఒకటి ఎంచుకుని, అందులోని షాట్లను వరుసగా రాసి, ఒక్కొక్క షాట్‌కు ముందు మనకు ఎంత తెలుసో, తర్వాత ఎంత తెలిసిందో చెప్పండి. కథాసారం ఒక పేరా దాటనివ్వవద్దు. జెఫ్ చేసింది తప్పా ఒప్పా అన్న తీర్పును ఆ ముక్కలోని ఏదో ఒక షాట్‌తో ముడిపెట్టగలిగితేనే రాయండి. హంతకుడు దొరికాడు కాబట్టి తొంగిచూడటం ఒప్పే అనే వాదన చాలాచోట్ల కనిపిస్తుంది గానీ, జెఫ్ చూడటం మొదలుపెట్టిన రోజున హత్య ఇంకా జరగనే లేదు.